తాకట్టు పెట్టిన కళ్లజోడు

చచ్చిపోయిన మనిషి మీద కుళ్లుకోవడానికి కాస్త సిగ్గుండాలని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్లు ఆగుతుందా? బీరువా కింది సొరుగు లాగి, పాత రసీదులూ, తెగిన బెల్టూ, వెలగని టార్చీ అన్నీ బయటపెట్టి వెతికింది. కళ్లజోడు లేదు. సొరుగు మొత్తం ఊడదీసి నేల మీద బోర్లించింది. అయినా లేదు. అక్కడే చతికిలబడి, "అయితే అదే పెట్టాడన్నమాట!" అనుకుంది. ఒళ్లంతా భగ్గుమంది.

ఆ కళ్లజోడు ఆమె భర్త మొదటి పెళ్లాంది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మొదటావిడ పదమూడేళ్ల కిందట మెదడులో నరం చిట్లి ఒక్క పూటలో పోయింది. నాలుగేళ్లు ఆగి ఈమెను చేసుకున్నాడు. ఈమె బట్టల దుకాణంలో వెనక గదిలో కూర్చుని కుట్టుపని చేస్తుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు వదులు చేయడం, పాడైన జిప్పులు మార్చడం ఆమె పని. కాపురానికొచ్చిన మొదటి నెలలోనే సొరుగులో మందపాటి అద్దాల కళ్లజోడు కనబడితే, "ఎవరిదండీ ఇది?" అని అడిగింది. "దానిది," అన్నాడాయన. తొమ్మిదేళ్లలో ఆ సంగతి మీద ఆయన నోటివెంట వచ్చిన మాట అదొక్కటే.

ఆ ఒక్క మాటే ఆమెకు ముల్లై కూర్చుంది. 'దానిది'! అబ్బో, ఎంత చనువు! ఈమెనైతే ఎవరి ముందైనా 'మా ఆవిడ' అంటాడు, అద్దె ఇంటి ఓనరు గురించి చెప్పినట్టు. పైగా ఆ మనిషికి ముప్పై మూడేళ్లు దాటే ప్రసక్తే లేదు. ఈమెకు నలభై రెండు నిండాయి, వాటితోపాటు మోకాళ్ల నొప్పులూ వచ్చాయి. బతికున్న సవతైతే ఏదో ఒకరోజు కూర మాడ్చేది, నోరు జారేది, లావెక్కేది. చచ్చినదాంతో పోటీ ఎలా?

నిజానికి ఆయన్ని ఆరోగ్య కేంద్రానికి లాక్కెళ్లింది ఆమే. రోజుకు రెండు పెట్టెలు ఊదేసేవాడు. లిఫ్టు చెడిపోయిన చోటికే కదా లిఫ్టు మెకానిక్కును పిలిచేది, కిందినుంచి డాబా మీది మోటారు గది దాకా నడకే. నిరుడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని చకచకా ఎక్కినవాడు ఈ ఏడు మూడో అంతస్తులోనే కమ్మీ పట్టుకుని నిలబడిపోతున్నాడు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "ఇంకో రెండేళ్లు ఇలాగే కాలిస్తే మెట్ల సంగతి అటుంచండి, మంచం దిగడానికి కూడా పక్కన మనిషి కావాలి," అని మొహం మీదే చెప్పేశాడు. ఆమె గుండెల్లో రాయి పడింది. అంతకుముందు తొమ్మిదేళ్లుగా బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. ఆయన చెవిన పెడితేగా!

ఆరోగ్య కేంద్రంలో మేడ మీద చివరి గదిలో ప్రతి బుధవారం నాలుగింటికి పొగ మాన్పించే నర్సు కూర్చుంటుంది. ఆమె దగ్గర గొట్టం ఉన్న చిన్న యంత్రం ఉంది. ఊపిరి బిగబట్టి అందులోకి మెల్లగా ఊదితే ఒక అంకె పడుతుంది. ఆరు లోపు పడితే కాల్చనట్టు, దాటితే కాల్చినట్టు. వారం గెలిచినవాళ్లు గాజు గిన్నెలో చెయ్యి పెట్టి చీటీ తీసుకోవచ్చు. సబ్బు తగలొచ్చు, తువ్వాలు తగలొచ్చు, అదృష్టం బాగుంటే గొడుగు. అది చిన్న ఆశ. అసలు కిటుకు వేరే ఉంది. చేరిన ప్రతి మనిషీ ఒక వస్తువు తాకట్టు పెట్టాలి.

"డబ్బు మాత్రం తేకండి," అని చెప్పింది నర్సు మొదటిరోజే. "డబ్బు పోతే మళ్లీ సంపాదిస్తారు. పోతే మళ్లీ దొరకనిది తెచ్చిపెట్టండి. పోతుందేమోనని మీకు లోపల భయం వేయాలి. పన్నెండు వారాలు గెలిస్తే మీ వస్తువు మీకిచ్చేస్తాను. ఒక్క వారం ఓడినా సరే, ఇంక అది మీది కాదు. ఎవరికి పనికొస్తే వాళ్లకిస్తాను."

ఒక మంగలాయన తన దగ్గర అంత విలువైనదేదీ లేదని మీసాన్నే తాకట్టు పెట్టాడు. మూడో వారంలో యంత్రం తొమ్మిది చూపించింది. పాపం, తన కత్తితో తనే గీసుకుని, పై పెదవికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరుగుతున్నాడు. ఊళ్లో సగం మంది ఆయన్ని గుర్తుపట్టక కొత్త పనివాడొచ్చాడనుకున్నారు.

లిఫ్టాయన వారమంతా ఆలోచించి, పాత పేపరులో చుట్టిన పొట్లం ఒకటి పట్టుకెళ్లి ఇచ్చాడు. నర్సు దాన్ని కవరులో పెట్టి అంటించి, ఇనుప బీరువాలో పడేసి తాళం వేసింది. "ఏం పెట్టారండీ?" అని ఇంటికొచ్చేటప్పుడు ఆమె అడిగితే, "ఏదో ఒకటి," అన్నాడు. ఆ మర్నాడే ఆమె సొరుగు బోర్లించింది.

ఆమె పెళ్లిరోజుకు కొనిచ్చిన చేతి గడియారం ఆయన మణికట్టునే ఉంది. దాన్ని పెట్టొచ్చుగా! రెండు నెలలు కూర్చుని చేత్తో అల్లిన స్వెటరు ఉంది, దాన్నైనా పెట్టొచ్చుగా! పోతే తట్టుకోలేనిది ఏదని ఇల్లంతా వెతుక్కుంటే ఆయనకు దొరికింది ఆ చచ్చినదాని కళ్లజోడు. అంటే ఈ ఇంట్లో ఈమెది ఏది పోయినా ఆయనకు ఫర్వాలేదన్నమాట.

అయినా పైకి ఏమీ అనలేదు. ఆయన మానాలన్నదే కదా ఆమె కోరిక. మొదటి వారమే ఆయన పని చొక్కాలు రెంటికీ పై జేబుల మూతి కుట్టేసింది, సిగరెట్టు పెట్టె పెట్టుకోవడానికి చోటు లేకుండా. ఆయన నవ్వి, "పెన్ను ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. "చెవి మీద," అంది ఆమె.

వారాలు గడిచాయి. అంకె అయిదు, నాలుగు, మూడు. ఇంటికి సబ్బు వచ్చింది, తువ్వాలు వచ్చింది, తొమ్మిదో వారం గొడుగు కూడా వచ్చింది. ఆయన మొహం తేటపడింది. పొద్దున్నే దగ్గుతో లేవడం తగ్గింది. ఆరో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కానని చిన్నపిల్లాడిలా చెప్పుకున్నాడు. ఆమెకు సంతోషం పట్టరానంత వచ్చేది, ఆ వెనకే కడుపులో మంట మొదలయ్యేది. తొమ్మిదేళ్లు నేను మొత్తుకుంటే మాననివాడు దానికోసం మానాడు. పన్నెండో వారం గెలుస్తాడు, కళ్లజోడు ఊరేగింపుగా ఇంటికొస్తుంది, మళ్లీ ఆ సొరుగులోనే కూర్చుంటుంది. ఈసారి మొగుడి ప్రాణం కాపాడిన దేవతలా!

పదో వారం గెలిచాక ఆదివారంనాడు ఆడపడుచు వచ్చింది. తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసి మురిసిపోయి, వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"ఏం తాకట్టు పెట్టాడో నాకు మాత్రం చెప్పాడులే. చూశావా, మా పెద్ద మరదలి మహిమ! పోయి కూడా మావాణ్ణి కాపాడుకుంటోంది."

"అవును వదినా," అంది ఆమె. చేతిలోని గిన్నెను అవసరానికి మించి తోమింది.

అనుమానం ఇప్పుడు రూఢి అయింది. అంతేకాదు, ఆ మాట తనకు చెప్పలేదు, అక్కకు చెప్పాడు! ఆ తర్వాత రెండు రోజులూ ఆమె కుట్టిన ప్యాంట్లలో ఒకదానికి కుడికాలు పొట్టి, ఒకదానికి ఎడమకాలు పొట్టి. దుకాణం ఓనరు, "ఏంటమ్మా, కుంటివాళ్ల కోసం కుడుతున్నావా?" అని అరిచాడు.

బుధవారం పొద్దున్న ఆయన స్నానానికి వెళ్లగానే ఆమె పని చొక్కా ఒళ్లో వేసుకుంది. సన్న కత్తెరతో జేబు మూతి కుట్టు ఒక్కో పోగే విప్పింది. ముందురోజు మూల దుకాణంలో విడిగా కొన్న సిగరెట్టు, ఆయన కాల్చే రకమే, అగ్గిపెట్టెతో సహా అందులో పెట్టి, చొక్కా మళ్లీ కొక్కేనికి తగిలించింది. ఒక్కటంటే ఒక్కటే, అనుకుంది. ఇవాళ ఒక్కటి కాలుస్తాడు, కళ్లజోడు పీడ వదులుతుంది, ఆ తర్వాత నేనే దగ్గరుండి మాన్పిస్తాను. కుళ్లు నెత్తికెక్కినప్పుడు ఇలాంటి లెక్కలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

ఒంటిగంట దాటేసరికి ఆ లెక్క తప్పిందని తెలిసింది. కుట్టుమిషను ముందు కూర్చుంటే ఎక్స్‌రేలోని నల్ల మచ్చలే కళ్లముందు ఆడాయి. ఒంట్లో బాగాలేదని ఓనరుకు చెప్పి పరుగున బయల్దేరింది. ఆయన ఆ రోజు ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో పనిచేస్తున్నాడు. లిఫ్టు విప్పి ఉంది కాబట్టి మెట్లే గతి. మోకాళ్లు చేత్తో నొక్కుకుంటూ, ప్రతి మలుపులో ఆగుతూ, "కాల్చకుండా చూడు, కాల్చకుండా చూడు," అని ఎవరికి మొక్కుతోందో తెలియకుండా మొక్కుతూ ఎక్కింది.

డాబా తలుపు తోయగానే వాసన కొట్టింది. ఆయన మోటారు గది గడప మీద కూర్చుని ఉన్నాడు. పీక ఇంకా బూటు పక్కనే పొగలు కక్కుతోంది.

"ఇంత దూరం ఎందుకొచ్చావ్?" అన్నాడు.

"ఊరికే."

"ఆ మోకాళ్లతో ఇన్ని మెట్లు ఎక్కావా? రా, కూర్చో," అని జరిగి, నీళ్ల సీసా చేతికిచ్చాడు. ఆమె నీళ్లు తాగింది.

నాలుగింటికి యంత్రం ఎనిమిది చూపించింది. నర్సు నెత్తి కొట్టుకుంది. "ఏంటన్నా ఇది! ఇంకొక్క వారం ఓపిక పడితే అయిపోయేదిగా!" అంది. "కాల్చాను సిస్టర్," అన్నాడాయన, ఇంకేమీ చెప్పకుండా. నర్సు బీరువా తీసి కవరు చించింది. మందపాటి అద్దాలు, ఎడమ కాడ విరిగితే సన్నటి రాగి తీగతో చుట్టిన ముడి. ఆ ముడి ఆయన పనే, పక్కనే ఉన్న ఆమెకు చూడగానే తెలిసిపోయింది. నర్సు దాన్ని పాత కళ్లజోళ్లు ఉన్న అట్టపెట్టెలో వేసింది. ఆయన అటు చూడలేదు. సంతకం పెట్టి బయటికి నడిచాడు.

ఆమె గెలుపు సంబరం బస్టాపు దాకా కూడా రాలేదు. బస్టాపులో ఆయన పెట్టె కొని, ఆమె ఎదురుగానే ఒకటి వెలిగించాడు.

నెల తిరిగేలోగా మళ్లీ రెండు పెట్టెలు. దగ్గు తిరిగొచ్చింది, ఈసారి చుట్టాల్ని కూడా వెంటబెట్టుకుని. ఒకరోజు ఆయన తోటి మెకానిక్కు ఇంటికొచ్చి, "అన్న నాలుగో అంతస్తులో కూలబడిపోయాడు వదినా, సంచీ నేను మోశాను," అని చెప్పి వెళ్లాడు. ఆమె కాళ్లావేళ్లా పడింది. మళ్లీ నర్సు దగ్గరికి పోదాం రమ్మంది. "పోయి ఏం తాకట్టు పెట్టమంటావ్?" అన్నాడాయన. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు మరీ భయం వేసింది.

ఆ కళ్లజోడే కావాలి. అదొక్కటే ఆయన్ని మాన్పించింది. తనకు చేతకానిది అది చేసింది. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ పళ్లు నూరింది. మూడోరోజు సిగ్గు చంపుకుని నర్సు దగ్గరికి వెళ్లింది. "అది ఎవరికిచ్చానో గుర్తుంది," అంది నర్సు. "సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే ముసలావిడకు సరిగ్గా సరిపోయింది."

మ్యాట్నీ మొదలై జనం లోపలికి పోయాక ముసలావిడ స్టూలు మీద తీరిగ్గా కూర్చుని ఉంది. ముక్కు మీద అదే కళ్లజోడు, రాగి తీగ ముడితో సహా.

"ఇవ్వను గాక ఇవ్వను," అంది సంగతి వినగానే. "ఇది పెట్టుకున్నాకే బస్సు నంబరు కనబడుతోంది నాకు. ఇన్నాళ్లూ ఎవరెక్కితే ఆ బస్సు ఎక్కేదాన్ని."

"అదే పవరుతో కొత్తది చేయించి ఇస్తాను, అమ్మమ్మా. మంచి ఫ్రేము."

"కొత్తది ఇచ్చి పాతది పట్టుకుపోతావా? ఎవరిదేంటి ఇది, మీ అమ్మదా?"

"నా సవతిది."

ముసలావిడ నోరు వెళ్లబెట్టి, ఆనక స్టూలు కదిలేలా నవ్వింది. "సవతి కళ్లజోడు కోసం కాళ్లరిగేలా తిరిగేదాన్ని ఇన్నేళ్ల బతుకులో నిన్నే చూశానే తల్లీ!" నవ్వి నవ్వి కళ్లు తుడుచుకోవడానికి ఆ కళ్లజోడే తీసింది. తీసినప్పుడైనా ఇస్తుందేమోనని ఆమె చెయ్యి చాపింది. "కొత్తది తెచ్చాకే," అని మళ్లీ పెట్టేసుకుంది.

కొత్తది తయారవడానికి నాలుగు రోజులు పట్టింది. బుధవారం మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికొచ్చేసరికి కళ్లజోడు బల్ల మీద ఉంది.

"నాలుగింటికి పోదాం," అంది ఆమె. "మళ్లీ మొదటినుంచి."

ఆయన కళ్లజోడు అటూ ఇటూ తిప్పి, తీగ ముడి తడిమాడు. ఆమెకు కడుపులో మామూలు మంట రేగింది. రేగితే రేగనీ అనుకుంది. మాట దాచుకునే ఓపిక ఇంక లేదు.

"ఆ రోజు జేబులో సిగరెట్టు పెట్టింది నేనే."

"తెలుసు."

"తెలుసా?"

"జేబు కుట్టింది నువ్వు. గుడ్డకు చిన్న గాటు కూడా పడకుండా ఆ కుట్టు విప్పేది ఇంకెవరు? నేనైతే స్క్రూడ్రైవరు పెట్టి పీకేవాణ్ని."

"తెలిసి కూడా ఎందుకు కాల్చారండీ!"

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "పొద్దున తొమ్మిదింటికే చూశాను దాన్ని. రెండు దాకా పని చేస్తూనే ఆలోచించాను. నేను మానాలని అన్నం మానేసిన మనిషివి నువ్వు. అలాంటిది నీ చేత్తో సిగరెట్టు పెట్టావంటే ఈ కళ్లజోడు నిన్ను ఎంత కోసేస్తోందో! తొమ్మిదేళ్లుగా అది నాకు తట్టలేదు, మొద్దు వెధవని. నా అంతట నేను పారేయలేను. కాలిస్తే దానంతటదే పోతుంది కదా, నీకు మనశ్శాంతి ఉంటుంది కదా అనిపించింది."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. తొమ్మిదేళ్లుగా ఎవర్ని గెలవాలని కుమిలి కుమిలి చచ్చిందో ఆ మనిషిని ఆయన ఆ రోజు మధ్యాహ్నమే వదిలేసుకున్నాడు, తనకోసం. తను మెట్లెక్కి వెళ్లేసరికే గెలిచి ఉంది. ఆ గెలుపు ఆయన ఊపిరితిత్తుల మీదుగా వచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

"సరే," అంది చివరికి ముక్కు చీదుకుని. "నాకు మనశ్శాంతీ వద్దు, ఏమీ వద్దు. దీన్ని పెట్టండి, మానండి. తర్వాత నేనే సొరుగులో పెడతాను."

"ఇది ఇంక పనికిరాదే," అన్నాడాయన మెల్లగా. "ఒకసారి పోయింది. పోయినా తిన్నాను, పడుకున్నాను, పనికెళ్లాను. మళ్లీ పోతుందని భయం ఎక్కడినుంచి తెచ్చుకోను?"

నాలుగింటికి ఇద్దరూ వట్టి చేతులతో నర్సు ముందు కూర్చున్నారు. మెట్లెక్కుతూ ఆయన రెండుసార్లు ఆగాడు.

"ఏం తెచ్చారు?" అంది నర్సు.

"నన్ను రాసుకోండి సిస్టర్," అంది ఆమె. ఆ మాట అంటుందని ఆమెకే తెలియదు. "ఈయన మళ్లీ కాలిస్తే నేను మా అక్క ఇంటికి వెళ్లిపోతాను. మళ్లీ తిరిగి రాను. కాగితం మీద రాసి సంతకం పెడతాను."

నర్సు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. ఈమె అన్న మాట మీద నిలబడే మొండిఘటమని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. పాలిపోయాడు.

"అదొద్దు సిస్టర్," అన్నాడు. "వేరే ఏదన్నా పెడతాను."

"ఏం, ఎందుకు వద్దు?" అంది ఆమె.

"ఓడిపోతానేమో." తల వంచుకుని నేలకు చెప్పినట్టు చెప్పాడు. "పన్నెండు వారాలు. నా మీద నాకు నమ్మకం లేదు. నువ్వు పోతే నావల్ల కాదు."

ఆ మాట కోసమే కదా తొమ్మిదేళ్లు ఎదురుచూసింది. ఇంట్లో వినాల్సిన మాటను ఎవరో నర్సు ముందు, గొట్టం ఉన్న యంత్రం పక్కన కూర్చుని వింది. కడుపులో మంట లేదు. నర్సు కలం పట్టుకుని ఇద్దరి వంకా చూస్తోంది.

"రాయండి సిస్టర్," అంది ఆమె. "భయపడుతున్నాడుగా."

నర్సు రాసింది. ఆమె సంతకం పెట్టింది, ఆయన చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, పెట్టాడు. కవరు బీరువాలోకి వెళ్లింది. ఆయన ఊపిరి బిగబట్టి గొట్టంలోకి ఊదాడు. ఇరవై మూడు. ఆ అంకె చూడగానే ఆమెకు కూడా భయం వేసింది.